దూలగొండి, సర్పగంధి, లెవోడోపా: పార్కిన్సన్ మందు పుట్టుకపై ఒక పరిశీలన

పార్కిన్సన్ జబ్బుకు ఈనాటికీ ప్రధానమైన మందు లెవోడోపా. ఈ పదార్థం దూలగొండి గింజల్లో సహజంగానే ఉన్నది. ఈ రెండు విషయాల్లోనూ వివాదం లేదు. వీటిని ఆధారం చేసుకొని మూడో మాట ఒకటి ప్రచారంలోకి వచ్చింది. ప్రాచీన భారతీయ వైద్యులు ఈ జబ్బును గుర్తించి, వేల ఏళ్ల కిందటే దూలగొండితో చికిత్స చేసేవారన్నది ఆ మాట. ఆ వేల ఏళ్ల లెక్క ఒక్కో రచనలో ఒక్కో విధంగా కనిపిస్తుంది. కొందరు మూడు వేలంటారు, మరికొందరు నాలుగున్నర వేలంటారు. అంకెలు ఇంతగా మారుతున్నప్పుడు వాటికి మూలమేమిటో చూడక తప్పదు.

ఈ వాదంలో వేర్వేరు ప్రతిపాదనలు మూడు కలిసిపోయి ఉన్నాయి. (1) ఈ వ్యాధి లక్షణాలు మన పాత గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. (2) దూలగొండిని ఆ గ్రంథాలు ఔషధంగా చెప్పాయి. (3) ఆ లక్షణాలకే, ఆ గింజనే, పనిచేయగల మోతాదులో ఇచ్చేవారు. మొదటి రెండూ తేలితే మూడోది దానంతటదే తేలినట్టు భావించడం సాధారణంగా జరుగుతున్నది. మూడింటికీ సాక్ష్యం వేరు, బలం వేరు. కనుక విడివిడిగా పరిశీలించడమే న్యాయం.

గ్రంథస్థ సాక్ష్యం

చరకసంహిత సూత్రస్థానంలో కేవల వాతజన్యమైన వికారాలు 80 అని ఒక పట్టిక ఉన్నది. అందులో వేపథువు, అంటే వణుకు, ఒకటి. ఇది గమనించదగిన సాక్ష్యమే. అయితే వణుకు పార్కిన్సన్ జబ్బులోనే వచ్చేది కాదు. థైరాయిడ్ ఎక్కువైనా వస్తుంది, మద్యం అలవాటు ఉన్నవారు మానేసినా వస్తుంది, వంశపారంపర్యంగానూ వస్తుంది. ఒక్క లక్షణాన్ని పట్టుకొని ఒక వ్యాధిని నిర్ధారించడం ఈనాటి వైద్యుడు చేయని పని. పాత గ్రంథం విషయంలో మాత్రం ఆ పని ఎందుకు చేయాలి? పైగా చరకసంహిత మొత్తం ఒకే కాలంలో పుట్టినది కాదు. చికిత్సాస్థానంలోని 17 అధ్యాయాలు దృఢబలుడు పూరించినవన్నది ఆ గ్రంథమే చెప్పే సంగతి. మూల సంకలనం క్రీస్తుశకారంభానికి కొంచెం అటూ ఇటూ రూపొందిందని, దృఢబలుడు ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకు వచ్చాడని చరిత్రకారులు ఎక్కువమంది అభిప్రాయం. ఈ లెక్కన నాలుగున్నర వేల ఏళ్లన్న అంకెకు ఇక్కడ ఆధారం దొరకదు.

పార్కిన్సన్ జబ్బుకు ఇంకా దగ్గరగా వచ్చే వర్ణన మరొకటి ఉన్నది. అది తెలుగుదేశంలో పుట్టిన గ్రంథంలో ఉండటం విశేషం. బసవరాజు రచించిన బసవరాజీయంలో కంపవాతం అనే వ్యాధికి లక్షణాలు చెప్పబడ్డాయి. సంస్కృతమూ తెలుగూ కలిసిన ఈ వైద్యగ్రంథం చాలాకాలం మన వైద్యుల చేతి పుస్తకంగా ఉండేది. అరచేతులూ అరికాళ్లూ వణకడం, శరీరాన్ని కదిలించడానికి కష్టపడటం, నిద్రాభంగం, బుద్ధి క్షీణించడం అన్నవి అక్కడి నాలుగు లక్షణాలు. 1990లో బాల మాన్యం అనే నరాలవైద్య నిపుణుడు ఆయుర్వేదంలో కంపవాతాన్నీ లెవోడోపానూ గురించి మూవ్‌మెంట్ డిజార్డర్స్ పత్రికలో రాసిన తరువాత ఈ చర్చ పాశ్చాత్య వైద్యలోకానికి చేరింది.

ఈ వర్ణనను జేమ్స్ పార్కిన్సన్ 1817లో లండన్‌లో ప్రచురించిన చిన్న పుస్తకంతో పోల్చి చూడటం ఉపయోగకరం. ఆయన వర్ణించిన రోగులు ఆరుగురు. వారందరినీ ఆయన పరీక్ష చేయలేదు. కొందరు వీధిలో ఎదురుపడినవారు, ఒకరిని దూరం నుంచి చూశాడంతే. కండరాల బిగుతును ఆయన ప్రత్యేకంగా చెప్పలేదు, దాన్ని తరువాత ఫ్రాన్సులో షార్కో చేర్చాడు. బసవరాజీయంలోనూ బిగుతు ప్రస్తావన లేదు. రోగి బుద్ధికి లోపం రాదని పార్కిన్సన్ రాశాడు, బసవరాజు వస్తుందన్నాడు. జబ్బు ముదిరినవారిలో చాలామందికి జ్ఞాపకమూ ఆలోచనా దెబ్బతింటాయన్నది ఈనాటి వైద్యశాస్త్రం ఒప్పుకొన్న విషయం. నిద్ర చెడటాన్ని పార్కిన్సన్ కూడా రాశాడు. అందువల్ల బుద్ధి విషయంలో బసవరాజీయం వర్ణన లండన్ వర్ణన కన్నా నేటి అవగాహనకు దగ్గరగా ఉన్నదని చెప్పడం అతిశయోక్తి కాకపోవచ్చు. తెలుగు పాఠకులు ఈ విషయాన్ని తెలుసుకోవలసినంతగా తెలుసుకోలేదన్నది ఈ వ్యాసకర్త బాధ.

కాని ఇదే సాక్ష్యం ప్రచారంలో ఉన్న వాదాన్ని బలహీనపరుస్తుంది కూడా. బసవరాజు కాలం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఎంత వెనక్కి జరిపినా ఆయన మధ్యయుగాల వాడే. అంటే జబ్బుకు బాగా పోలే వర్ణన వేల ఏళ్లనాటిది కాదు, వందల ఏళ్లనాటిది. వేల ఏళ్లనాటి గ్రంథంలో ఉన్నది వణుకు అన్న ఒక్క లక్షణం. ఆ గ్రంథం ప్రాచీనతనూ ఈ గ్రంథం స్పష్టతనూ కలిపి ఒకే వాక్యంలో పెట్టడం వల్లనే ఆ పెద్ద అంకెలు పుట్టి ఉండవచ్చు.

ఇక దూలగొండి సంగతి. ఆత్మగుప్త, కపికచ్ఛువు అన్న పేర్లతో అది సంహితల్లో ఉన్నది. చరకుడు వాజీకరణ యోగాల్లో ఈ గింజను పలుచోట్ల వాడాడు. నిఘంటువులు దీన్ని బలకరమనీ, వృష్యమనీ, వాతహరమనీ అంటాయి. వాతహరం అన్న గుణం చాలా ద్రవ్యాలకు చెప్పినదే. అందుచేత రెండో ప్రతిపాదన నిలుస్తుంది, మూడోదానికి అది సూచన మాత్రమే అవుతుంది.

రసాయనశాలలో డోపా

డోపా అనే రసాయనం చరిత్ర దూలగొండితో మొదలుకాలేదు. కాసిమిర్ ఫంక్ 1911లో లండన్‌లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. అతడు చేసినది డి, ఎల్ రూపాలు రెండూ కలిసిన మిశ్రమం. శరీరం వాడుకొనే ఎల్ రూపాన్ని, అంటే లెవోడోపాను, 1913లో మార్కస్ గుగ్గెన్‌హైమ్ స్విట్జర్లాండులోని రోష్ కంపెనీలో ఫావా చిక్కుడు నుంచి వేరుచేశాడు. అదే ఏడాది ఇటలీలో టోర్క్వాటి కూడా ఆ మొక్క నుంచే ఇటువంటి పదార్థాన్ని తీశాడు. ఎవరు ముందన్న విషయంలో కథనాలు కొంత భేదిస్తాయి. అయితే పదార్థ నిర్మాణాన్ని నిశ్చయించిన ఘనత గుగ్గెన్‌హైమ్‌దేనన్నది సాధారణంగా అంగీకరించినది. ఆయన రెండున్నర గ్రాములు తానే మింగి చూశాడు. తీవ్రమైన వికారం, వాంతులు అయ్యాయి. కుందేళ్లలో చెప్పుకోదగిన ప్రభావం కనిపించనందున ఈ పదార్థానికి పెద్ద శక్తి లేదని తేల్చాడు. ఆ వాంతులే నిజానికి ఒక సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని చదవగలిగే జ్ఞానం అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

దూలగొండి రంగంలోకి వచ్చినది 1937లో. మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలకు చెందిన దామోదరన్, రామస్వామి ఆ గింజల నుంచి లెవోడోపాను వేరుచేసి బయోకెమికల్ జర్నల్‌లో ప్రకటించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. గింజలో ఈ రసాయనం ఉన్నదనడానికి మన దేశంలో మొదటి గట్టి రుజువు ఇదే అనుకోవచ్చు. ఆ మరుసటి ఏడాది, 1938లో, జర్మనీలో పీటర్ హోల్ట్స్ లెవోడోపాను డోపమైన్‌గా మార్చే ఎంజైమును కనుగొన్నాడు. మెదడులో డోపమైన్ ఉన్నదన్న ఆలోచనే అప్పటికి లేదు. అందువల్ల మద్రాసు పరిశోధన పార్కిన్సన్ చికిత్సకు దారి వేసిందనడం కాలక్రమానికి సరిపడదు. లెవోడోపాను మందుగా మార్చిన ప్రధాన ప్రయోగాలేవీ దూలగొండి నుంచి బయలుదేరినవి కావు.

సర్పగంధి పాత్ర

భారతీయ మూలిక ఒకటి ఈ చరిత్రలో నిజంగానే కీలకమైన చోట నిలిచింది. అది సర్పగంధి. పిచ్చికీ, నిద్రలేమికీ ఈ వేరును వాడటం మన దేశంలో పాత సంప్రదాయం. 1931లో కలకత్తా వైద్యులు సేన్, బోస్ దీన్ని ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేసే మందుగా ఒక వైద్యపత్రికలో వర్ణించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులపై దీని ప్రభావాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాయడంతో ప్రపంచం దృష్టి మళ్లింది. 1952లో బాజెల్ నగరంలోని సీబా కంపెనీ ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. రిసర్పిన్ తీసుకున్న రోగుల్లో కొందరికి పార్కిన్సన్ జబ్బును పోలిన వణుకు, బిగుతు కనిపించాయి. మందు ఆపితే అవి తగ్గేవి.

ఈ దుష్ఫలితమే అసలు తీగను కదిలించింది. 1957లో స్వీడన్‌లో ఆర్విద్ కార్ల్‌సన్, అతని సహచరులు రిసర్పిన్ ఇచ్చిన జంతువులకు డోపా ఎక్కించారు. చెవులు వేలాడేసి, తాకినా కదలక పడివున్న కుందేళ్లు కొద్ది నిమిషాల్లోనే చెవులు నిక్కించి లేచి నిలబడ్డాయి. డోపా నుంచి శరీరంలో నోరడ్రినలిన్ కూడా తయారుకాగలదు కనుక కుందేళ్లను లేపినది ఏదన్న సందేహం మిగిలింది. కొలిచి చూస్తే నోరడ్రినలిన్ పెరగలేదు. పెరిగినది డోపమైన్ అని 1958లో అదే బృందం చూపింది. మెదడులో డోపమైన్ ఉన్నదని 1957లోనే ఇంగ్లండులో కాథ్లీన్ మాంటెగ్యూ ప్రకటించినందున ప్రాధాన్యం ఎవరిదన్నది ఇప్పటికీ చర్చకు వస్తుంది. పదార్థం ఉనికిని మొదట చూపినది మాంటెగ్యూ అనీ, దానికి స్వతంత్రమైన పని ఉన్నదని చూపినది కార్ల్‌సన్ అనీ విభజించుకోవడం ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. 1959లో బెర్ట్‌లర్, రోసెన్‌గ్రెన్ మెదడులో ఈ పదార్థం ముఖ్యంగా స్ట్రయేటం అనే భాగంలో పోగుపడి ఉన్నదని కనుగొన్నారు. శరీర కదలికలకు ఆ భాగంతో సంబంధం ఉన్నదన్నది అప్పటికే తెలిసిన విషయం.

వియన్నాలో ఒలెహ్ హోర్నికీవిచ్ ఈ ఫలితాలను చదివి, చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించాడు. ఆయన పద్ధతిలో డోపమైన్ ఉన్న ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆరోగ్యవంతుల మెదడు నుంచి తీసిన ద్రావణం ఉన్న గొట్టంలో ఆ రంగు వచ్చింది. పార్కిన్సన్ రోగిది దాదాపు రంగు లేకుండానే ఉండిపోయింది. యంత్రంలో పెట్టి కొలవకముందే కంటికి తేడా తెలిసిందని ఆయన తరువాత గుర్తుచేసుకున్నాడు. 1960లో హెర్బర్ట్ ఎరింగర్‌తో కలిసి ప్రచురించిన ఆ వ్యాసంలో పార్కిన్సన్ లక్షణాలున్న మెదళ్లు ఆరే. వాటిలోనూ కొన్ని మెదడువాపు తరువాత జబ్బు వచ్చినవారివి. ఇంత చిన్న సంఖ్యపై ఇంత పెద్ద నిర్ణయం ఆధారపడటం ఈనాటి కొలమానానికి అసంతృప్తికరమే. కాని తేడా స్పష్టంగా ఉండటం, తరువాతివారు పదేపదే అదే ఫలితం పొందడం వల్ల దాని బలం నిలిచింది. 2000 సంవత్సరపు నోబెల్ బహుమతి కార్ల్‌సన్‌కు మరి ఇద్దరితో కలిపి ఇచ్చి హోర్నికీవిచ్‌ను విడిచిపెట్టినప్పుడు రెండు వందలకు పైగా శాస్త్రవేత్తలు బహిరంగలేఖపై సంతకాలు చేశారు. ఆ లేఖ న్యాయమైనదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ వరుసను బట్టి ఒక మాట జాగ్రత్తగా చెప్పవచ్చు. లెవోడోపా చికిత్సకు భారతీయ వైద్యసంప్రదాయం చేసిన మేలు ఉన్నది. రుజువుకు నిలిచేంతవరకు చూస్తే అది దూలగొండి ద్వారా కన్నా సర్పగంధి ద్వారానే ఎక్కువగా జరిగింది. అది కూడా చికిత్సగా కాక, జబ్బును జంతువులో పుట్టించి చూడగల సాధనంగా.

మోతాదు తగాదా

డోపమైన్‌ను నేరుగా ఇస్తే మెదడులోకి చేరదు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుపొర దాన్ని ఆపుతుంది. లెవోడోపా అమైనో ఆమ్లం కనుక ఆహారంలోని అమైనో ఆమ్లాలు పోయే దారినే లోపలికి పోతుంది. మాంసకృత్తులు ఎక్కువగా తిన్న పూట మందు సరిగా పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. ఈ సిద్ధాంతం 1960 నాటికి సిద్ధంగా ఉన్నది. అయినా మందు అంగీకారం పొందడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ పదేళ్ల సాక్ష్యం పరస్పర విరుద్ధం.

1. వియన్నాలో బిర్క్‌మేయర్ 1961లో లైంజ్ వృద్ధాశ్రమంలోని రోగులకు సూది ద్వారా 50 నుంచి 150 మిల్లీగ్రాముల వరకు ఇచ్చాడు. లేవలేనివారు లేచారు. కొద్ది గంటల్లో ప్రభావం పోయింది.

2. జపాన్‌లో ఇసాము సానో 1960లోనే ఇద్దరు రోగులకు డోపా ఇచ్చి, తాత్కాలిక మార్పు చూసి, చికిత్సగా దీనికి విలువ లేదనుకున్నాడు. జపనీస్ భాషలో ఉన్నందున ఆ పరిశీలన చాలా ఏళ్లు ఇతరుల కంట పడలేదు.

3. మాంట్రియల్‌లో బార్బో బృందం 1962లో నోటి ద్వారా ఇచ్చి మేలు కనిపించిందన్నది. 1964లో మరో కెనడా బృందం, మెక్‌గీర్, జెల్డోవిచ్, పదిమందిపై ప్రయత్నించి ప్రయోజనం స్వల్పమన్నది.

ఒకే మందు గురించి నిపుణులు ఇలా భిన్నంగా చెప్పినప్పుడు ఎవరో ఒకరు పొరబడ్డారనుకోవడం సహజం. ఇక్కడ బహుశా ఎవరూ పొరబడలేదు. ఇచ్చిన మోతాదు తక్కువ, ఇచ్చిన రోజులు తక్కువ, చూసిన సమయం తక్కువ. 1967లో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జార్జ్ కోట్జియాస్ 16 మందికి డి, ఎల్ మిశ్రమాన్ని చాలా కొద్దిగా మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా పెంచుతూ, రోజుకు 16 గ్రాముల దాకా తీసుకుపోయాడు. ఎనిమిదిమందిలో గొప్ప మార్పు వచ్చింది. కొందరికి తెల్లరక్తకణాలు తగ్గాయి. ఆ దోషం డి రూపానిదని భావించి, శుద్ధమైన లెవోడోపాతో 28 మందిపై 1969లో ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంలో యార్ బృందం పరీక్షలూ తోడయ్యాయి. 1970లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

కోట్జియాస్ విషయంలో ఒక వైరుధ్యాన్ని దాటిపోకూడదు. ఆయన చిలీ గనుల్లో మాంగనీసు విషం ఎక్కిన కార్మికులను పరిశీలించినవాడు. పార్కిన్సన్ రోగుల మెదడులో నల్లని వర్ణద్రవ్యం తగ్గిపోవడమే మూలకారణమనీ, డోపాతో ఆ వర్ణం తిరిగి నిండుతుందనీ ఊహించి ప్రయోగం ప్రారంభించాడు. ఆ ఊహకు తరువాతి పరిశోధనలో సమర్థన దొరకలేదు. ఫలితం మాత్రం నిలిచింది. వియన్నా వారి సిద్ధాంతం సరైనది, మోతాదు చాలలేదు. కోట్జియాస్ మోతాదు సరైనది, సిద్ధాంతం నిలవలేదు. మందు పుట్టడానికి రెండూ కావలసివచ్చాయి. మెల్లగా పెంచడమనే ఆ ఓపికే గుగ్గెన్‌హైమ్‌ను వాంతి చేయించిన అడ్డంకిని దాటించింది.

ఆ వాంతికి మరో విరుగుడు 1970ల్లో వచ్చింది. హోల్ట్స్ కనుగొన్న ఎంజైము మెదడు బయట కూడా ఉన్నందున మింగిన లెవోడోపాలో చాలా భాగం దారిలోనే డోపమైన్‌గా మారిపోయేది. దాన్ని ఆపే కార్బిడోపాను కలిపిన బిళ్ల 1975లో అమెరికాలో అనుమతి పొందింది. దీనివల్ల కావలసిన లెవోడోపా దాదాపు నాలుగో వంతుకు తగ్గింది.

మందు జబ్బును ఆపుతుందా, లక్షణాలనే తగ్గిస్తుందా అన్న ప్రశ్న ఇంకా చాలాకాలం తెగలేదు. 2004లో 361 మందిపై జరిగిన అమెరికా, కెనడా పరీక్షలో లెవోడోపా తీసుకున్నవారు మందు ఆపిన రెండు వారాల తరువాత కూడా మెరుగ్గా ఉన్నారు. మెదడు స్కానింగు మాత్రం అందుకు విరుద్ధంగా, వారిలో క్షీణత ఎక్కువన్నట్టు చూపింది. 2019లో నెదర్లాండ్స్‌లో 445 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మొదటినుంచీ, రెండో జట్టుకు 40 వారాలు ఆలస్యంగా మందు ఇచ్చారు. 80 వారాల చివర తేడా కనిపించలేదు. ముందుగా మొదలుపెడితే జబ్బు నెమ్మదించదనీ, ముదరదనీ కూడా దీన్నిబట్టి అనుకోవచ్చు.

మళ్లీ గింజ వద్దకు

దూలగొండి గింజపై ఆధునిక పరీక్షలు ఉన్నాయి. అయితే అవి లెవోడోపా అంగీకారం పొందిన తరువాతివి. 1978లో బొంబాయిలో వైద్య బృందం గింజ పొడితో చేసిన చికిత్సను న్యూరాలజీ ఇండియాలో ప్రచురించింది. 1995లో హెచ్‌పీ-200 అనే తయారీని 60 మందికి 12 వారాలు ఇచ్చి మేలు కనిపించిందన్నారు. పోల్చి చూడటానికి మరో జట్టు లేని పరీక్ష అది. కనుక ఆ మేలులో ఎంత భాగం మందుదో చెప్పడం కష్టం. 2000లో దూలగొండి, అశ్వగంధ మొదలైనవి పాలలో కలిపి ఇచ్చిన ఆయుర్వేద చికిత్సపై 18 మందితో జరిగిన పరిశీలనలో ఒక్కో మోతాదులో సుమారు 200 మిల్లీగ్రాముల లెవోడోపా ఉన్నట్టు కొలిచారు. మూడో ప్రతిపాదనకు ఉన్న సాక్ష్యాల్లో ఇది విలువైనది. సంప్రదాయ పద్ధతిలోనూ పనిచేయగలంత మందు లోపలికి పోవడం సాధ్యమని ఇది చూపుతున్నది. సాధ్యం కావడం వేరు, వేల ఏళ్ల కిందట జరిగిందనడం వేరు.

2004లో లండన్‌లో ఎనిమిదిమంది రోగులపై జరిగిన పరీక్ష ఎక్కువగా ఉదహరింపబడుతున్నది. గింజ పొడి 30 గ్రాములు తీసుకున్నప్పుడు మందు పట్టడానికి సగటున 34.6 నిమిషాలు పట్టింది. మామూలు బిళ్లకు 68.5 నిమిషాలు. ప్రభావం కూడా 37 నిమిషాలు ఎక్కువసేపు నిలిచింది. ఈ అంకెలను మాత్రమే ఉదహరించేవారు మోతాదును విడిచిపెడుతున్నారు. ఆ 30 గ్రాముల్లో లెవోడోపా 1000 మిల్లీగ్రాములు. బిళ్లలో 200 మిల్లీగ్రాములు, కార్బిడోపాతో. నాలుగో వంతు లెక్క వేస్తే పొడి మోతాదు కొంత ఎక్కువే అవుతుంది. తేడాలో కొంత దీనివల్ల వచ్చి ఉండవచ్చు. అంతా దీనివల్లనే అనడానికి మాత్రం ఆధారం చాలదు, ఎందుకంటే ఆ పరీక్షలోనే అవాంఛిత కదలికలు పెరగలేదు.

బొలీవియాలో బిళ్లలు కొనలేని రోగులను దృష్టిలో పెట్టుకొని సిలియా బృందం చేసిన రెండు పరీక్షల మధ్య భేదం ఇంకా ఆలోచింపజేస్తుంది. 2017లో 18 మందికి ఒక్కొక్క మోతాదు ఇచ్చి చూసినప్పుడు, వేయించి దంచిన గింజ బిళ్లకు తీసిపోలేదు. 2018లో 14 మందికి 16 వారాల పరీక్ష పెట్టినప్పుడు ఏడుగురు గింజను కొనసాగించలేకపోయారు. నలుగురికి కడుపు బాధలు, ముగ్గురికి కదలికలు దిగజారడం. కొనసాగించినవారిలో ఫలితం బిళ్లతో సమానంగానే ఉన్నది. 1913లో గుగ్గెన్‌హైమ్ కడుపు చెప్పిన సంగతే ఈ నలుగురి కడుపులూ చెప్పాయనుకోవడానికి అవకాశం ఉన్నది. కార్బిడోపా లేని లెవోడోపా ఎక్కడి నుంచి వచ్చినా దాని స్వభావం మారదు.

గింజలో లెవోడోపా సాధారణంగా నూటికి నాలుగు నుంచి ఆరు పాళ్లని చెబుతారు. రకాన్ని బట్టి, నేలను బట్టి, నానబెట్టి ఉడికించిన తీరును బట్టి ఇది మారుతుంది. ఉడికించిన నీళ్లలోకి కొంత దిగిపోతుంది. అంటే ఈ నెల కొన్న పొట్లానికీ వచ్చే నెల పొట్లానికీ మోతాదు ఒకటే అన్న హామీ లేదు. బిళ్లలు వేసుకుంటూ వైద్యునికి చెప్పకుండా ఈ పొడిని కూడా తీసుకొనే రోగికి రెండు చోట్ల నుంచి ఒకే మందు అందుతుంది. చేతులూ మెడా తమంతట తాము మెలికలు తిరిగే అవాంఛిత కదలికలు మొదలైనప్పుడు, బిళ్ల తగ్గించాలా మానాలా అని తేల్చుకోవలసిన వైద్యుని ముందు ఆ పొడి ప్రస్తావన లేకపోతే అతని లెక్క తప్పుతుంది.